ఠావులా, తావులా?

బసవనగుడి నుంచి: గజేంద్రమోక్షంలోని ‘లావొక్కింతయు లేదు’ పద్యం రెండో పాదంలో ‘ఠావుల్ దప్పెను’కు బదులు ‘తావుల్ దప్పెను’ అనే పాఠం ఎక్కడైనా ఉందా? విల్సన్ వ్యాధి (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) ఉన్న మా తమ్ముడు, ఇరవై ఆరేళ్లవాడు, ఇప్పుడు అలాగే చదువుతున్నాడు. నాయనమ్మ నేర్పిందే అదని వాడంటాడు. మాట ముద్దగా రావడం మొదలయ్యాకే ఇలా మారిందని నా అనుమానం.

మల్లేశ్వరం నుంచి: పాఠాంతరానికి చోటే లేదండీ. శార్దూలంలో పదమూడో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు; అక్కడున్నది ‘డస్సెన్’లోని డకారం. దానికి ఠకారం చెల్లుతుంది, తకారం చెల్లదు. పోతన అంత తేలిగ్గా యతి తప్పే కవి కాడు.

జయనగరం నుంచి: జనం నోట్లో పద్యం యతి చూసుకుని నడవదు కదా. మా చిత్తూరు వైపు ‘తావు’ ఇంటిమాట. నాయనమ్మగారు అలా నేర్పి ఉండవచ్చు. అసలు ఆ పద్యంలో నన్ను కట్టిపడేసేది ‘విలోలంబయ్యె’. ధైర్యం పోయిందనలేదు, ఊగిపోయిందన్నాడు!

యలహంక నుంచి: నరాల వైద్యం నా వృత్తి కనుక ఆ ‘విలోలం’ నాకు వేరుగా వినిపిస్తుంది. ఏటీపీ7బీ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతింటే పైత్యరసంలో కలిసి బయటికి పోవలసిన రాగి కాలేయంలోనూ, మెదడు లోపల కదలికలను అదుపుచేసే బేసల్ గాంగ్లియాలోనూ పేరుకుంటుంది. చేతులు చాచి మోచేతులు వంచినప్పుడు కొందరికి పక్షి రెక్కలు కొట్టుకున్నట్టు భుజాల నుంచే వణుకు వస్తుంది. 1912లో కిన్నియర్ విల్సన్ వర్ణించిన రోగుల్లో వణుకు, కండరాల బిగుతుతోపాటు మాట తడబాటు, మింగడంలో కష్టం కూడా ఉన్నాయి. ఠకారానికి నాలుక కొసను వెనక్కి మడవాలి. బిగిసిన నాలుక పళ్ల దగ్గరే ఆగిపోవచ్చు. ‘బుట్ట’, ‘తట్ట’ అనమనండి. అవీ మారితే దోషం నాలుకది, ఠావు ఒక్కటే మారితే నాయనమ్మది. అన్నట్టు, తోబుట్టువులకు ఇది వచ్చే అవకాశం 25 శాతం. లక్షణాలు లేకపోయినా మీరు పరీక్ష చేయించుకోవాలి.

బసవనగుడి నుంచి: చేయించుకున్నానండీ, నాకు లేదు. పొద్దున ‘బుట్ట’ చక్కగానే అన్నాడు, రాత్రి అలిసిపోయాక ‘బుత్త’ అయింది. ‘తావుల్’ మాత్రం రెండు పూటలా తావులే.

మల్లేశ్వరం నుంచి: ‘డస్సెన్’ ఎలా అంటున్నాడు?

బసవనగుడి నుంచి: అంతదాకా రావడం లేదండీ. ‘మూర్ఛ వచ్చె’ దగ్గరే నవ్వేసి ఆపేస్తున్నాడు.