అకార్డియన్‌తో సింథ్ బ్యాకింగ్ ట్రాక్ వాడితే ఎడమ చేతికి పనేంటి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నాది 120 బాస్ పియానో అకార్డియన్ (కుడి చేతికి పియానో కీస్, ఎడమ చేతికి 120 బాస్, కార్డ్ బటన్లు), ఎక్కువగా ఒక్కణ్ణే ప్రోగ్రామ్స్ చేస్తుంటాను. డ్రమ్స్, బాస్, స్ట్రింగ్స్ అన్నీ ఉన్న రెడీమేడ్ మిడి ట్రాక్స్ (సింథ్‌తో పలికించే స్వరాల ఫైల్స్) వేసుకుని వాయిస్తే సౌండ్ నిండుగానే వస్తుంది, జనం కూడా బాగుందనే అంటారు, కానీ రికార్డ్ చేసి వింటే నా అకార్డియన్ ఏదో కీబోర్డులో ఇంకో టోన్ లాగా వినిపిస్తోంది. ఎడమ చేయి వాయిస్తే అంతా గజిబిజి, మానేస్తే సగం వాయిద్యం పక్కన పెట్టినట్టుంది. లాంగ్ నోట్ పట్టినప్పుడు శ్రుతి కూడా కొంచెం తేడాగా అనిపిస్తోంది. ట్రాక్స్ మానెయ్యాలంటారా, లేక వాడే పద్ధతి ఏమన్నా ఉందా?

జవాబు 1:
ముందు శ్రుతి సంగతి చూడండి. చాలా అకార్డియన్లు A స్వరం 442 హెర్ట్జ్‌లో పలికేలా ట్యూన్ అయి ఉంటాయి, ట్రాక్స్ మామూలుగా 440లో ఉంటాయి. తేడా సుమారు 8 సెంట్లే (సెంట్ అంటే అరస్వరంలో నూరో వంతు) గానీ లాంగ్ నోట్‌లో తెలిసిపోతుంది. రీడ్స్‌ని (లోపల గాలికి పలికే లోహపు పలకల్ని) అప్పటికప్పుడు మార్చలేం కదా, అందుకని ప్లేయర్‌లో మాస్టర్ ట్యూనింగే 442కి పెట్టుకోండి. మ్యూజెట్ రిజిస్టర్‌లో (ఒకే స్వరానికి రెండు మూడు రీడ్స్ కలిపి పలికించే స్విచ్) రీడ్స్ కావాలనే ఒకదానికొకటి కాస్త తేడాగా ట్యూన్ చేసి ఉంటాయి, ఆ వణుకే దాని అందం, దాని మీద కోరస్ ఎఫెక్ట్ (ఒకే టోన్ కొన్ని కలిసి పలికినట్టు చేసేది) వేసిన సింథ్ స్ట్రింగ్స్ కూడా పడితే రెండూ కలిసి ముద్దగా అయిపోతాయి. స్ట్రింగ్స్ తీసేసి ఒకసారి వినండి.

జవాబు 2:
గజిబిజికి కారణం రెండు బాస్‌లు. మన బాస్ బటన్ ఒక్కటి నొక్కితే ఒకే స్వరం రెండు మూడు ఆక్టేవుల్లో పలుకుతుంది, అదే టైంలో ట్రాక్‌లో బాస్ వేరే స్వరాల మీదుగా నడుస్తుంటుంది, ఇక కొట్టుకోక ఏం చేస్తాయి. జనరల్ మిడి అనే ప్రమాణంలో చేసిన ఫైల్ అయితే 10వ ఛానెల్‌లో డ్రమ్స్ ఉంటాయి, దాన్ని ఉంచి బాస్, కార్డ్స్ ఉన్న ఛానెల్స్ మ్యూట్ చేసెయ్యండి. వాల్ట్జ్‌లో ఒక బాస్, రెండు కార్డ్స్ మీ ఎడమ చేత్తోనే పడాలి అండి, అది సింథ్‌కి అప్పజెప్పాక అకార్డియన్ వాయించి ఏం లాభం!

జవాబు 3:
నన్నడిగితే మొత్తం తీసెయ్యమంటాను. అకార్డియన్‌లో కీ ఎంత గట్టిగా నొక్కినా వాల్యూమ్ మారదు, ఎత్తూ తగ్గూ అంతా బెలోస్‌లోనే (గాలి కొట్టే మడతల తిత్తిలోనే) ఉంది. ట్రాక్ ఒకే వాల్యూమ్‌లో పోతుంటే మీరు మెల్లగా వాయించాల్సిన చోట కూడా దాని కింద వినపడకుండా పోతానేమోనని తెలియకుండానే బెలోస్ గట్టిగా లాగేస్తారు, అలా వాయించీ వాయించీ అదే అలవాటైపోతుంది. పాత టాంగో ఆర్కెస్ట్రాల్లో మామూలుగా డ్రమ్సే ఉండేవి కావు, బాండోనియన్లు (అకార్డియన్ లాంటి బటన్ల వాయిద్యాలు), వయొలిన్లు, పియానో, డబుల్ బాస్ కలిసే లయ నడిపించేవి. ఫ్రేజ్ చివర్లో కాస్త ఆగి మళ్ళీ అందుకోవడం అనేది ఫిక్స్‌డ్ ట్రాక్‌తో కుదరని పని.

జవాబు 4:
పై మాట జనం కూర్చుని వినే ప్రోగ్రామ్స్‌కి కరెక్టే, పోల్కాకో వాల్ట్జ్‌కో జనం డాన్స్ చేస్తున్నప్పుడు మాత్రం లయ కదలకూడదు, ఒక్కళ్ళే అంతసేపు వాయించాలంటే డ్రమ్స్ తోడు ఉండటం తప్పేం కాదు. ఇంకో దారి కూడా ఉంది, మిడి బిగించిన అకార్డియన్ గానీ, రోలాండ్ 2004లో తెచ్చిన వీ-అకార్డియన్ లాంటి డిజిటల్‌ది గానీ అయితే ఎడమ చేతి కార్డ్ బటన్లతోనే అరేంజర్‌ని (కార్డ్‌ని బట్టి తోడు వాయించే కీబోర్డుని) నడపొచ్చు, మీరు ఏ కార్డ్ నొక్కితే అరేంజర్ కూడా ఆ కార్డ్‌కి వస్తుంది. బెలోస్ ఒత్తిడి కూడా ఎక్స్‌ప్రెషన్‌గా వెళ్తుంది కాబట్టి మీరు తగ్గితే దాంతో పలికే సింథ్ టోన్ కూడా తగ్గేలా పెట్టుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. 442కి మార్చి, బాస్, కార్డ్స్, స్ట్రింగ్స్ మ్యూట్ చేసి విన్నాను, ఎడమ చేయి ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది, శ్రుతి కూడా కుదిరింది. మొదట్లో లయ లేకుండా స్వేచ్ఛగా వాయించి తర్వాత డ్రమ్స్‌లోకి వెళ్ళాలంటే ఎలా? రెండు చేతులూ ఖాళీ ఉండవు.

జవాబు 2:
స్టార్ట్, స్టాప్‌కి కాలి పెడల్ పెట్టుకోండి. ట్రాక్ ముందున్న ఖాళీ అంతా కట్ చేసెయ్యండి, పెడల్ తొక్కగానే మొదటి దెబ్బ పడాలి, ఆ దెబ్బ మీదే మీ మొదటి బాస్ పడేలా ప్రాక్టీస్ చేయండి. చివరి లైన్‌కి ముందే డ్రమ్స్ ఆపేసి ముగింపు మీ ఇష్టం వచ్చినంత నెమ్మదిగా వాయించుకోవచ్చు.