స్లీట్‌ను రాళ్లవాన అనొచ్చా?

నల్లగొండ నుంచి:
మా అన్న కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. మొన్న చలికాలంలో ఫోన్ చేసి "చిన్నాయనా, ఇక్కడ స్లీట్ పడుతోంది" అన్నాడు. పక్కనే ఉన్న మా అమ్మ "రాళ్లవాననా బిడ్డా? బయటికి పోకు" అంది. "కాదు నాయనమ్మా, అది వేరు" అన్నాడు గానీ, మరి తెలుగులో ఏమంటారంటే వాడికీ తోచలేదు, నాకూ తోచలేదు. మీరేమంటారు?

దేవరకొండ నుంచి:
రాళ్లవాన మాత్రం కాదు. రాళ్లు మనకు ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లో పడతాయి. పగలంతా ఉడకబోసి, సాయంత్రానికి మబ్బు పట్టి, దుమారం లేచి, ఉరుములతో వస్తాయి. ఆ ఉరుముల మబ్బులో కింది నుంచి ఎగదోసే గాలి నీటిచుక్కను పైకి మోసుకుపోతుంది. అక్కడది గడ్డకట్టి, పొర మీద పొర పేరుకుని, గాలి ఇక మోయలేనంత బరువెక్కాక పడుతుంది. స్లీట్‌కు ఉరుములతో పని లేదు. పైనుంచి మంచుగా బయలుదేరి, దారిలో వెచ్చటి గాలిపొర తగిలి కరిగి నీళ్లవుతుంది. నేల దగ్గర 0 డిగ్రీల కంటే చల్లగా ఉంటే పడేలోపే మళ్లీ గడ్డకడుతుంది. గింజ 5 మిల్లీమీటర్లకు మించదు. నిమ్మకాయంత రాయి పడిందంటే అది స్లీట్ కానే కాదు.

పాలమూరు నుంచి:
అమెరికా వాళ్ల లెక్క అది. బ్రిటన్‌లో స్లీట్ అంటే వానా మంచూ కలిసి పడటం. అందుకే ఎవరు ఏ దేశం నుంచి మాట్లాడుతున్నారో ముందు అడగాలి. లండన్‌లో ఉన్నవాడు చెబితే 'మంచు కలిసిన వాన' అంటే సరిపోతుంది.

అసలు చిక్కు మన 'మంచు'తోనే. పొద్దున గడ్డి మీద తడీ మంచే, హైవే మీద బండ్లను ఆపేదీ మంచే, హిమాలయాల మీద ఉన్నదీ మంచే. పొగమంచు అని ఒకదాన్ని విడదీసుకున్నాం, అంతే. రాళ్ల దగ్గర మాత్రం మనం పక్కా. 'వడగల్లు'లో ఉన్నది కల్లు, అంటే రాయి (తాగేది కాదు!). ఒకే రాయి ఉన్న ఊరు కాబట్టి ఓరుగల్లు, సంస్కృతంలో ఏకశిలానగరం. ఇల్లు ఇండ్లయినట్టే వడగల్లు మనకు వడగండ్లు, కోస్తా వాళ్లకు వడగళ్లు. రెండూ సరైనవే, దీని మీద మళ్లీ కొట్లాట వద్దు.

దేవరకొండ నుంచి:
అమెరికా స్లీట్‌కు 'మంచురవ్వ' అంటే? గింజ చిన్నది, గట్టిది, రోడ్డు మీద పడి ఎగురుతుంది.

మిర్యాలగూడ నుంచి:
ఉప్మా గుర్తొస్తుంది అన్నా. స్లీట్ అని అట్లాగే రాస్తే పోదా? బస్సును బస్సనే అంటున్నాం కదా.

దేవరకొండ నుంచి:
బస్సు రోజూ ఎక్కుతాం తమ్ముడూ, అందుకే ఆ మాట నిలిచింది. స్లీట్ అని వార్తలో రాస్తే మన ఊళ్లో ఎవరికి అర్థమవుతుంది? రవ్వంటే చూడని వాళ్లకు కూడా సైజు తెలుస్తుంది.

నల్లగొండ నుంచి:
రవ్వ మాట మా అమ్మకు చెప్పాను. రాళ్లు పడి మా బత్తాయి పిందెలన్నీ రాలిన ఏడాది ఆమెకింకా మరుపు రాలేదు. "రవ్వంతనే అయితే చెట్టుకేం కాదు కదా" అంది. వాడు ఉండేది అపార్ట్‌మెంట్‌లో అని చెప్పినా వినట్లేదు.