ఫస్ట్ టైమ్ సోల్డరింగ్ పట్టేవాడు ఒరిజినల్ గేమ్‌బాయ్ మీద చెయ్యి వెయ్యొచ్చా, వద్దా?

కరీంనగర్_8బిట్:
అందరికి నమస్తే. పోయిన వారం ఒకాయన దగ్గర పాత గేమ్‌బాయ్ (నింటెండోది, చేతిల పట్టుకొని ఆడే వీడియో గేమ్) తీసుకున్న, 1989ల వచ్చిన ఫస్ట్ మోడల్, బూడిద రంగుల ఇటుక లెక్క ఉంటది కదా అదే. వాళ్ల బాపు దుబాయ్‌ల పనిచేసి వచ్చేటప్పుడు తెచ్చిండంట, ఇన్నేండ్లు అల్మారల పడి ఉన్నది. 2800 ఇచ్చిన. చిన్న ప్రాబ్లమే తమ్మీ, డిస్‌ప్లేల గీతలు పడ్తయ్ అన్నడు. ఇంటికి తెచ్చి చూస్తే గీతలు పడుడు కాదు, లైన్లే మాయం. ఎడమ దిక్కు నిలువుగ ఏడు లైన్లు అస్సలు లెవ్వు, అక్కడికొచ్చిన బొమ్మ కోసినట్టు కనవడ్తది. ఇంకోటి, పెన్సిల్ సెల్స్ వేసే దగ్గర ఒక స్ప్రింగుకు తెల్లగ, అంచులకు పచ్చగ ఏదో పేరుకున్నది. ఆన్ చేసినంక స్విచ్ జర కదిలితే చాలు ఆఫ్ అయితంది.

వీడియోలల్ల అందరు సోల్డరింగ్ ఐరన్‌తోని డిస్‌ప్లే కింద రిబ్బన్ (పట్టీ లెక్క ఉండే సన్న వైర్లు) మీద ఇట్ల గీస్తున్నరు, లైన్లు వచ్చేస్తున్నయ్. నేను జిందగీల ఐరన్ పట్టలె. మా దోస్తు నువ్వు ముట్టకు, తెలిసినోళ్లకు ఇయ్యి అంటున్నడు. నాకు నా చేతితోనే చేసుకోవాలని ఉన్నది. మీరేమంటరు?

తెనాలి_రేడియో:
మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్టండి. మా నాన్నగారిది రేడియో, టీవీ రిపేరు షాపు, నేను పన్నెండేళ్లప్పట్నుంచి ఆ బల్ల దగ్గరే పెరిగాను. కొత్తగా పనికి చేరిన కుర్రాడికి కస్టమర్ సెట్టు ఆర్నెల్ల దాకా ఇచ్చేవారు కాదు. ఒక చచ్చిన బోర్డు చేతిలో పెట్టి, దీంట్లో ఉన్న రెసిస్టర్లన్నీ పీకు, మళ్ళీ అతికించు అనేవారు. లెడ్, అంటే ఐరన్‌తో కరిగించి అతికే లోహం, ఉండలా నిలబడితే తప్పు, కాలు చుట్టూ నీళ్లలా పాకి మెరవాలి, అప్పుడే అతుకు పడ్డట్టు. అది చూసి తెలుసుకునేది కాదండి, చేతికి రావాలి. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఆ గాజు డిస్‌ప్లే పాడైతే ఇంకో పాత మిషన్ని చంపి తెచ్చుకోవాల్సిందే. నేర్చుకోవడానికి అదే దొరికిందా?

పెన్సిల్_సెల్:
తెనాలి గారూ మీ అనుభవం మీద గౌరవంతోనే చెప్తున్నా, ఈ విషయంలో మాత్రం ఒప్పుకోను. నేను హైదరాబాదులో ఉంటా, ఇప్పటికి తొమ్మిది గేమ్‌బాయ్‌లు విప్పాను, మొదటిది విప్పినప్పుడు నాకూ ఏమీ తెలీదు. బిగినర్ నేర్చుకోవడానికి ఇంతకన్నా సేఫ్ మిషన్ లేదు. నాలుగు సెల్స్, మొత్తం 6 వోల్టులు, షాక్ కొట్టే మాటే లేదు. లోపల కూడా విడిగా ఉంటుంది, వెనక బోర్డులో ప్రాసెసర్, క్యాసెట్ స్లాటు, ముందు బోర్డులో డిస్‌ప్లే, బటన్లు, స్పీకరు, రెండిటికీ మధ్య ఒక రిబ్బన్ అంతే.

కరీంనగర్ తమ్ముడూ, అసలు నువ్వు చెప్పినవి రెండు వేరే వేరే ప్రాబ్లమ్స్, రెండూ కలిపి చూడకు. స్ప్రింగు మీద తెల్లది సెల్స్ కారింది, ఆల్కలైన్ సెల్స్‌లోంచి వచ్చే పొటాషియం హైడ్రాక్సైడ్ గాలి తగిలి పొటాషియం కార్బొనేట్ అవుతుంది, అదీ క్షారమే. ఇయర్‌బడ్‌కి వంటింట్లో వెనిగర్ కొంచెం అద్ది రుద్దు, బుస్సుమని పొంగి కరుగుతుంది, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వు. స్విచ్ కదిలితే ఆఫ్ అవ్వడం లోపల కాంటాక్టులకి పట్టిన మకిలి, స్విచ్‌లో నాలుగు చుక్కలు అదే ఆల్కహాల్ వేసి, సెల్స్ తీసేసి, యాభై అరవై సార్లు ఆన్ ఆఫ్ ఆడించు. ఈ రెండిటికీ సోల్డరింగే అక్కర్లేదు. వెనక స్క్రూలు మూడు రెక్కల తల ఉన్నవైతే దానికి ట్రై వింగ్ స్క్రూడ్రైవర్ కావాలి, మామూలు దాంతో తిప్పితే తల అరిగిపోతుంది. విప్పాక రెండు ముక్కలూ ఒక్కసారి లాగేయకు, మధ్యలో రిబ్బన్ ఉందని గుర్తుపెట్టుకో.

ఇక లైన్లు. గాజు అంచుకీ రిబ్బన్‌కీ మధ్య అతుకు లెడ్‌తో పెట్టింది కాదు, వేడితో నొక్కి అంటించింది, ఏళ్ల తర్వాత అది వదులవుతుంది. నిలువు లైన్లు డిస్‌ప్లే కింద ఉన్న రిబ్బన్ నుంచి వస్తాయి, దానికి వేడి పెడితే చాలావరకు మళ్ళీ అంటుకుంటుంది. అడ్డ లైన్లు పోయుంటే నేనూ వద్దనేవాణ్ణి, అది పక్క రిబ్బను, అంత తేలిగ్గా రాదు. నీ కేసు తేలికైనది తమ్ముడూ, చెయ్యి.

తెనాలి_రేడియో:
వీడియోల్లో వాళ్లు మిషన్ ఆన్‌లో పెట్టుకుని, లైన్లు వస్తున్నాయో లేదో చూసుకుంటూ ఐరన్ తిప్పుతారు. మన దగ్గర కొత్తవాడు కొనేది ఏంటండి, 25 వాట్ల టూ పిన్ ఐరన్, ఎర్త్ ఉండదు, టెంపరేచర్ కంట్రోల్ ఉండదు. టెస్టర్ పెట్టి చూడండి, చాలా ఐరన్లకి మొన మీదే బల్బు వెలుగుతుంది. అది ఆన్‌లో ఉన్న బోర్డుకి తగిలిస్తారా? 6 వోల్టుల మిషన్ మనిషిని ఏమీ చెయ్యదు, ఐరన్‌లోంచి వచ్చే లీకేజీ మాత్రం ఆ చిప్పుని చంపగలదు. పైగా ఆ మొన లెడ్ కరిగే దానికన్నా చాలా ఎక్కువ కాలుతుంది, ఒక్కచోట రెండు క్షణాలు ఆగితే రిబ్బన్ ముడుచుకుపోతుంది. మా దగ్గరికి అలా కాలిన రిబ్బన్లు వస్తాయి, చూసి తిరిగి ఇచ్చేయడం తప్ప ఏమీ చెయ్యలేం.

పెన్సిల్_సెల్:
ఇది నిజం, నా పోస్టులో ఇది రాయకపోవడం తప్పే. నాది కంట్రోల్ ఉన్న స్టేషన్, ఎర్త్ పిన్ ఉంది, అందుకే నాకు తట్టలేదు. తమ్ముడూ టూ పిన్ ఐరన్ అయితే మిషన్ ఆఫ్ చేసి, సెల్స్ తీసేసి, ఐరన్ వేడెక్కాక ప్లగ్ కూడా పీకేసి అప్పుడు పెట్టు. తర్వాత ఆన్ చేసి చూస్కో. టైమ్ పడుతుంది, పట్టనీ. కోఠి గుజరాతీ గల్లీ వెళ్తే కంట్రోల్ ఉన్నవి కూడా దొరుకుతాయి, నెక్స్ట్ టైమ్ హైదరాబాద్ వచ్చినప్పుడు చూడు.

ఊదారంగు_క్యాసెట్:
నేను డాలస్ నుంచి. మీరిద్దరూ మిషన్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నాకు జరిగింది చెప్పాలనిపించింది. మా అన్నయ్య ఇక్కడికి వచ్చిన కొత్తలో, 2001లో, పోకెమాన్ గోల్డ్ అనే గేమ్ క్యాసెట్ కొన్నాడు, పెళ్లయి వెళ్లిపోతూ నాకిచ్చేశాడు. రెండేళ్ల క్రితం ఆ క్యాసెట్ లోపలి బ్యాటరీ ఏ క్షణమైనా అయిపోవచ్చని ఎక్కడో చదివి, గడియారం ఉన్న గేమ్ కాబట్టి ఇంకా తొందరగా అయిపోతుందని భయపడి, నేనే మార్చేద్దామని ఐరన్ కొన్నాను. అప్పటిదాకా సేవ్, అంటే ఆడిన ఆట దాచుకున్నది, బాగానే ఉంది. పాత బ్యాటరీ పీకగానే సేవ్ చెరిగిపోతుందని, ముందే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలని నాకు తెలీదు. కొత్త బ్యాటరీ పెట్టాను, అతుకు కూడా బాగానే పడింది, గేమ్ ఆన్ చేస్తే కొత్త గేమ్ అని ఒక్కటే వచ్చింది. మా అన్నయ్య పేరుతో, వాడు పెట్టిన చిలిపి పేర్లతో ఉన్న టీమ్ అంతా పోయింది. ఇప్పటికీ వాడికి చెప్పలేదు.

అందుకే బిగినర్ చెయ్యొచ్చా వద్దా అనే ముందు, దీంట్లో పోతే మళ్ళీ రానిది ఏముందో చూసుకోండి. కరీంనగర్ గారూ, మీ మిషన్‌తో క్యాసెట్లు ఏమైనా వచ్చాయా? వస్తే అమ్మినాయన వాటిలో ఏమన్నా దాచుకున్నాడేమో ఒకసారి అడగండి ప్లీజ్.

కరీంనగర్_8బిట్:
అక్కా చదివి మస్తు బాధ అయింది. ఒకటే క్యాసెట్ వచ్చింది, టెట్రిస్. అండ్ల సేవే ఉండది కదా, బ్యాటరీ కూడా లేదు. అయినా ఫోన్ చేసి అడుగుత.

కాకినాడ_పీఎస్2:
మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. ఈ థ్రెడ్ చూసి ఎవరైనా పాత ప్లేస్టేషన్లు, పీఎస్1, పీఎస్2 లావు మోడల్, విప్పేస్తారేమో, అవి ఇలా కాదు. ఇంటి కరెంటు సరాసరి లోపలికొస్తుంది, ప్లగ్ పీకినా పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్ కాసేపు చార్జి పట్టుకునే ఉంటుంది. సెగా గేమ్ గేర్ అనే చేతి గేమ్ సెల్స్‌దే అయినా డిస్‌ప్లే వెనక ట్యూబ్‌లైట్‌కి హై వోల్టేజీ సర్క్యూట్ ఉంటుంది, దానికితోడు కారిపోయిన చిన్న చిన్న కెపాసిటర్లు ఒక డజను పైగా మార్చాలి. ఐరన్ పెట్టగానే కుళ్లిన చేప వాసనొస్తుంది, అంటే కారినట్టే. ఫస్ట్ టైమ్ వాళ్లు ఈ మూడిట్లో దేని జోలికీ వెళ్లొద్దు. గేమ్‌బాయ్ అయితే నా ఓటు పెన్సిల్ సెల్ అన్నకే.

ఒక మాట, ఆ ఎల్‌సీడీ పీకేసి వెలుగొచ్చే కొత్త ఐపీఎస్ స్క్రీన్ వేసేస్తే గొడవే ఉండదు కదా?

ఊదారంగు_క్యాసెట్:
నా మటుకు వద్దు. ఆ ఆకుపచ్చ స్క్రీన్‌ని కిటికీ దగ్గర వెలుతురుకి తిప్పుకుని ఆడితేనే అది గేమ్‌బాయ్. బాగుపడే పాత స్క్రీన్‌ని తీసి పారేయొద్దు.

తెనాలి_రేడియో:
సరే, నేను కొంచెం దిగి చెప్తాను. వెనిగర్, స్విచ్ పని కరీంనగర్ గారు చేసుకోవచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు. రిబ్బన్ పని మాత్రం ముందు చచ్చిన బోర్డు మీద రెండు వారాలు చెయ్యి తిరిగాకే. ఇంట్లో పాడైన సెట్‌టాప్ బాక్సో, చార్జరో ఉంటుంది కదండి. ప్లాస్టిక్ తొడుగున్న సన్న వైరు ఒకటి తీసుకుని, తొడుగు మెత్తబడాలి గానీ కరగకూడదు, అలా ఐరన్ లాగడం ప్రాక్టీస్ చెయ్యండి. చెయ్యి ఎంత వేగంగా కదలాలో అదే చెప్తుంది. ముందు బోర్డు ఎత్తేటప్పుడు జాగ్రత్త, స్పీకర్‌కి రెండు సన్న వైర్లుంటాయి, అవి తెగితే ఇంకో పని తగిలించుకున్నట్టే.

పెన్సిల్_సెల్:
దీనికి నేను వంద శాతం ఒప్పుకుంటా. రెండు వారాలు ఆగినంత మాత్రాన గేమ్‌బాయ్‌కి వచ్చే నష్టం లేదు, సెల్స్ తీసి పెట్టు చాలు.

కరీంనగర్_8బిట్:
మూడు వారాలైంది, అప్‌డేట్ ఇస్తున్న. వెనిగర్ పని అదే రోజు చేసిన, అన్న చెప్పినట్టే బుస్సుమన్నది, కింద స్ప్రింగు జర నల్లవడ్డది గాని గట్టిగనే ఉన్నది. స్విచ్‌ల చుక్కలేసి ఆడించిన, ఇప్పుడు ఎంత కదిలించినా ఆఫ్ అయితలేదు. సగం ప్రాబ్లం ఐరన్ లేకుండనే పోయింది.

తర్వాత మా ఇంట్ల పాత సెట్‌టాప్ బాక్స్ బోర్డు మీద రెండు ఆదివారాలు కూసున్న. మొదటి రోజు అన్నీ ఉండలే. రెండో ఆదివారం పొద్దుమూకేటాళ్లకు లెడ్ పారుడు మొదలైంది. వైరు తొడుగుల మీద కూడ గీసిన, నాలుగు కాలినయ్, ఐదోది కాలలె.

నిన్న గేమ్‌బాయ్ విప్పిన. సెల్స్ తీసి, ఐరన్ ప్లగ్ పీకి, కింద నల్ల రబ్బరు పట్టీ పక్కకు తీసి, రిబ్బన్ మీద ఎడమ దిక్కు నుంచి ఐరన్ మెల్లగ ఒక్కసారి లాగిన. ఆన్ చేస్తే ఏడుల నాలుగు వచ్చినయ్. చల్లారనిచ్చి మళ్ళ వేడి చేసి ఇంకోసారి లాగిన, ఇంకొకటి వచ్చింది. ఇప్పుడు రెండు లెవ్వు. అండ్ల ఒకటి వేలితోని నొక్కితే వస్తంది, తీస్తే పోతంది. మూడోసారి పెట్టాల్నా?

తెనాలి_రేడియో:
వద్దండి, ఆపేయండి. ఆ రెండు లైన్ల కోసం ఉన్న ఐదు పోగొట్టుకోవద్దు. రబ్బరు పట్టీ మళ్ళీ దాని చోట సరిగ్గా నొక్కి పెట్టి మూసేయండి, నొక్కితే వచ్చే లైను ఆ ఒత్తిడికే నిలబడొచ్చు. ఒక నెల ఆడి చూసి ఇక్కడే రాయండి.