గుడిలో పాడే ఉద్యోగమా, పద్య నాటకమా? సీజన్ మొత్తానికి చంద్రమతి వేషం వచ్చింది, సలహా ఇవ్వండి

తెనాలి_గాయని అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. నాకు 28 ఏళ్లు, సంగీతంలో డిప్లొమా చేశాను. మా ఊరికి దగ్గర్లో ఒక గుడిలో ఔట్‌సోర్సింగ్ కింద గాయనిగా పని చేస్తున్నాను. ఇద్దరం ఉన్నాం. ఒక వారం నాకు పొద్దుటి వంతు, అంటే నాలుగున్నరకి సుప్రభాతం, ఆ తర్వాత అన్నమయ్య కీర్తనలు. మరో వారం సాయంత్రం వంతు, పవళింపు సేవ అయ్యేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. జీతం 18,000. ఈఎస్ఐ ఉంది కాబట్టి అమ్మ మోకాళ్ల వైద్యం దాంతోనే నడుస్తోంది. నాన్న లేరు, తమ్ముడు బీటెక్ మూడో సంవత్సరం.

మా తాతయ్య హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడు వేసేవారు. ఆయన పద్యాలు వింటూనే పెరిగాను, అప్పుడప్పుడు చిన్న వేషాలు వేశాను కూడా. ఇప్పుడు గుంటూరు వైపు ఒక నాటక సమాజం వాళ్లు సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా అన్ని నాటకాల్లోనూ చంద్రమతి నువ్వే వేయాలి అంటున్నారు. నాటకం రాత్రి పదింటికి మొదలైతే తెల్లవారుజామున మూడింటి దాకా సాగుతుంది, అప్పుడు మేకప్ కడుక్కుని నాలుగున్నరకి గుడిలో నిలబడి సుప్రభాతం పాడటం జరిగే పని కాదు. గుడి అధికారిని అడిగితే సీజన్ అంతా సెలవు ఇవ్వలేమమ్మా, మానేస్తే ఇంకొకరిని తీసుకుంటాం అని మంచిగానే చెప్పారు.

గుడిలో పాడటం నాకు ఇష్టమే, అది బాధగా ఉందని కాదు. కానీ అక్కడ ఎప్పుడూ ఒకటే మెత్తదనంతో పాడాలి. బిడ్డ శవం ఒళ్లో పెట్టుకుని తల్లి పాడే పద్యంలో గొంతు ఎంత దూరం వెళ్తుందో నాకు తెలుసు, ఆ పాట నాలో ఉంది, అది బయటికి రాకుండానే ఏళ్లు గడిచిపోతాయేమో అని భయం. అమ్మ ఏమీ అనడం లేదు, అదే నాకు ఇంకా టెన్షన్‌గా ఉంది. మీలో రంగస్థలం తెలిసినవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

హార్మోనిస్టు_గుంటూరు:

అమ్మా, నేను నాటకాలకి హార్మోనియం వాయిస్తాను. ముందు ఒక విషయం తేల్చుకో. వాళ్లు నిజంగా సమాజమా, లేక కాంట్రాక్టు నాటకమా? సమాజమైతే రిహార్సల్ ఉంటుంది, హరిశ్చంద్రుడు ఒక్కడే ఉంటాడు, మీ ఇద్దరి మధ్య ఎక్కడ ఆగాలో ఎక్కడ అందుకోవాలో కుదురుతుంది. కాంట్రాక్టు అయితే వారణాసి సీనుకి ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకి ఇంకొకడు, మీరందరూ కలుసుకునేది మేకప్ గదిలోనే. ఒక్కొక్కరిది ఒక్కో శ్రుతి. ఆయన పద్యం అయిపోగానే నీ శ్రుతి నేను అందించాలి, నువ్వు ఒక్క క్షణంలో పట్టుకోవాలి, అక్కడ తడబడితే ముందు వరసలో కూర్చున్న పెద్దాయనకి కూడా తెలిసిపోతుంది.

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు. కాటి సీనులో నువ్వు రాకముందే హరిశ్చంద్రుడు ఒంటరిగా జాషువా గారి పద్యాలు పాడతాడు. జనం వన్స్ మోర్ అంటారు, మళ్లీ పాడతాడు. నువ్వేమో లోపల వేషంతో ఎదురు చూస్తుంటావు. నీ ప్రవేశం వచ్చేసరికి రెండు దాటుతుంది, గొంతు చల్లబడిపోయి ఉంటుంది, జనంలో సగం మందికి నిద్ర. అప్పుడు ఆ శోకం పాడి వాళ్లని లేపి కూర్చోబెట్టాలి. చంద్రమతి వేషం కష్టం అంతా అక్కడే ఉంది.

కీర్తన పాడే గొంతుకి పద్యం వేరే సాధన. తాళం ఆసరా ఉండదు. పెద్ద సమాసం వచ్చిన చోట ఊపిరి ఎక్కడ తీస్తావో ముందే గుర్తు పెట్టుకోకపోతే మాట మధ్యలో విరిగి అర్థమే మారిపోతుంది. రాగం తీసే అలవాటు నీకు బాగానే ఉండి ఉంటుంది కాబట్టి నీ భయం అది కాదు, రాగం ఎక్కువై పద్యం మునిగిపోకుండా చూసుకోవడం. ఏడుపు కూడా నిజంగా ఏడిస్తే గొంతు పూడుకుపోతుంది. శోకం రాగంలో పెట్టి గొంతు తెరిచి ఉంచాలి. ఇవన్నీ నేర్చుకోదగ్గవే, 28 ఏళ్లకి ఆలస్యం కాలేదు. పాత రోజుల్లో ఈ ఆడ వేషాలన్నీ చాలావరకు మగవాళ్లే కట్టేవారు, స్థానం నరసింహారావు గారికి ఆ కళకే 1956లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అమ్మాయిలే కట్టగలిగే రోజుల్లో పాడగల చంద్రమతి దొరకడం మాకు కష్టంగా ఉంది. అందుకే నిన్ను సీజన్ మొత్తానికి అడుగుతున్నారు, నీ విలువ తగ్గించుకుని మాట్లాడకు.

రంగస్థల_నటి:

చెల్లీ, నేను ఈ వేషాలతోనే ఇల్లు నడుపుతున్నాను కాబట్టి డబ్బు సంగతి చెబుతాను. పద్య నాటకాల్లో చాలామంది మగవాళ్లు వేరే ఉద్యోగం ఉండి సరదా కొద్దీ వేస్తారు, కొన్ని చోట్ల చేతి డబ్బు కూడా పెట్టుకుంటారు. మనకి మాత్రం పారితోషికం ఇచ్చి తీసుకెళ్తారు. అంటే వాళ్లకి అది ఆసక్తి, మనకి అది కూలి. ఆ తేడా మర్చిపోకుండా మాట్లాడుకో. బయానా ముందు తీసుకో. మిగతాది కాటి సీనుకి ముందే చేతిలో పడాలి, తెల్లారాక కమిటీవాళ్లు ఎక్కడున్నారో వెతుక్కునే పరిస్థితి రాకూడదు. మనం చీర మార్చుకునేందుకు తలుపు గడియ ఉన్న గది, తిరిగి ఇంటి దగ్గర దించే కారు, ఇవి ముందే అడిగి ఫోన్‌లో మెసేజ్‌గా పెట్టించుకో. ఒక ఊళ్లో స్కూలు గది ఇస్తామని చెప్పి, తీరా వెళ్లాక స్టేజీ వెనక నాలుగు చీరలు కట్టి ఇదే గది అన్నారు. ఆ రాత్రి నుంచి నేను మెసేజ్ లేకుండా బయల్దేరడం లేదు.

సీజన్ అంటావా, సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, ఆ తర్వాత ఊళ్లలో తిరునాళ్లు. వానలు పడ్డాక చేతిలో పని ఉండదు. 2020లో కరోనా వచ్చినప్పుడు సరిగ్గా సీజన్ మధ్యలోనే అన్నీ ఆగిపోయాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది, ఆ వేషాన్నే నమ్ముకున్నవాళ్ల బుకింగులు ఒక్క ఉత్తర్వుతో పోయాయి. అందులోని తప్పొప్పులు నేను ఇక్కడ మాట్లాడను, కానీ ఒకే వేషం మీద బతకకూడదని మాత్రం గట్టిగా చెబుతాను. చంద్రమతితో పాటు సత్యభామ, రుక్మిణి కూడా నేర్చుకో.

ఇన్ని చెప్పి కూడా నిన్ను వద్దనను. నాకు ఇంకో బతుకు ఇస్తానన్నా తీసుకోను.

రేడియో_శ్రోత:

నేను మాత్రం ఉద్యోగం వదలొద్దనే అంటాను. నటి గారి మాట కాదనడం లేదు, ఆవిడ చెప్పిన లెక్కలే నా మాటకి ఆధారం. ఈఎస్ఐ జీతం 21,000 లోపు ఉన్న ఉద్యోగికి వచ్చేది, మీ మీద ఆధారపడిన తల్లిగారికి కూడా వైద్యం దాంట్లోనే జరుగుతుంది. నాటకం డబ్బుతో నెల గడవొచ్చు గానీ మోకాలి ఆపరేషన్ పడితే ఎక్కడి నుంచి తెస్తారు? తమ్ముడి చదువు ఇంకో ఏడాదిన్నరలో అయిపోతుంది. అప్పటి దాకా ఆగమనడం నా ఉద్దేశం కాదు, అప్పటి దాకా రెండూ నడిపే దారి ఉందేమో చూడమంటున్నాను.

మీరు రాసిన దాంట్లోనే దారి కనిపిస్తోంది. నాటకం ఉన్న రోజు మీకు పొద్దుటి వంతు, మర్నాడు సాయంత్రం వంతు పడేలా తోటి గాయనితో మార్చుకుంటే మధ్యలో రాత్రి, తెల్లవారి నిద్ర రెండూ దొరుకుతాయి. సీజన్ మొత్తం సెలవు అడిగితే ఏ అధికారి అయినా కాదంటాడు, రోజులు మార్చుకుంటామని ఇద్దరూ కలిసి కాగితం రాసిస్తే ఒప్పుకోవచ్చు. సమాజం వాళ్లకి కూడా అన్ని నాటకాలూ కాదు, నెలకి నాలుగైదు చేస్తానని చెప్పండి. పాడగల చంద్రమతి దొరకడం కష్టమని హార్మోనిస్టు గారే అన్నారు కదా, అలాంటప్పుడు మీ షరతు వింటారు.

ఇంకొకటి, ఆకాశవాణి ఆడిషన్ ఇవ్వండి. సంగీతానికి వేరే, నాటకానికి వేరే ఆడిషన్ ఉంటాయి, మీకు రెండూ పనికొస్తాయి. బి గ్రేడ్ నుంచి బి-హై, ఎ, టాప్ దాకా మెట్లు ఉన్నాయి. దాంతో ఇల్లు గడవదు, కానీ రేపు ఎక్కడ పాడినా మీ పారితోషికం మాట్లాడేటప్పుడు ఆ గ్రేడ్ మీ తరఫున మాట్లాడుతుంది.

తెనాలి_గాయని:

అందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. వంతులు మార్చుకునే ఆలోచన నాకు తట్టలేదు. తోటి గాయనిని ఈ రోజు అడిగాను, మామూలు రోజుల్లో సరే అంది. చిక్కు ఎక్కడంటే శివరాత్రి, శ్రీరామనవమి రోజుల్లో గుడిలోనూ ఇద్దరం ఉండాల్సిందే, నాటకాలు ఎక్కువ పడేదీ ఆ రోజుల్లోనే. ఆ రాత్రులు వదులుకుంటే సమాజం వాళ్లు నన్ను తీసుకుంటారో లేదో తెలియదు. అయినా అడుగుతాను. ఒప్పుకోకపోతే మాత్రం, నిజం చెప్పాలంటే నా మనసు నాటకం వైపే లాగుతోంది, ఈఎస్ఐ ఒక్కటే నన్ను ఆపుతోంది. అమ్మతో రాత్రి కూర్చుని ఆపరేషన్ ఎప్పుడు చేయిస్తారో, ముందుకి జరపగలమేమో మాట్లాడాను. డాక్టర్ని వచ్చే వారం కలుస్తున్నాం.

హార్మోనిస్టు గారూ, మీరు చెప్పింది నిజమే, వాళ్లది రిహార్సల్ ఉన్న సమాజమేనట, హరిశ్చంద్రుడు ఒక్కరే. నేను ఒక పద్యం పాడి రికార్డింగ్ పంపితే విని చెబుతారా? ఏ శ్రుతిలో పాడమంటారు?

హార్మోనిస్టు_గుంటూరు:

తప్పకుండా వింటాను తల్లీ. గుడిలో పాడే శ్రుతిలోనే పాడు, రికార్డింగ్ కోసమని శ్రుతి ఎక్కించకు. తంబూరా యాప్ ఒక్కటి పెట్టుకో, తాళం ఏదీ వద్దు. కాటి సీనులో లోహితుణ్ణి చూసి పాడే మొదటి పద్యం నిలబడి ఒకసారి, కింద కూర్చుని ఒళ్లో దిండు పెట్టుకుని వంగి ఒకసారి పాడి రెండూ పంపు. వంగినప్పుడు ఊపిరి సగమే అందుతుంది, స్టేజీ మీద నువ్వు పాడాల్సింది అలాగే. నాకు రెండోది ముఖ్యం.

మొహమాటపడి పొద్దున ఫ్రెష్ గొంతుతో పాడి పంపేవు, వద్దు. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి పాడు.