గవర్నర్ హద్దు దాటితే ఆపేది రాజ్యాంగమా, జనమా?

పోస్ట్ పెట్టినవారు:
1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని తీసేసి నాదెండ్ల భాస్కరరావుని సీఎం కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పుడూ ఇదే రాజ్యాంగం ఉంది కదా, ఏం ఆపింది? జనం రోడ్డెక్కారు కాబట్టే సెప్టెంబర్ 16కి కుర్చీ తిరిగొచ్చింది. 1976లో అయితే ఎమర్జెన్సీలో జైల్లో పెట్టినోళ్ళకి కోర్టుకొచ్చే హక్కే లేదని సుప్రీంకోర్టే 4-1తో చెప్పింది. ఇంక కాగితం మీద హద్దులు ఎందుకండీ?

రిప్లై:
కరెక్టే. మా నాన్న ఆ నెలంతా ప్రాంతీయ వార్తల టైముకి అన్నం కంచం పట్టుకుని రేడియో దగ్గరే కూర్చునేవాడంట. ఊళ్ళో ఎవరూ రాజ్యాంగం మాట ఎత్తలేదు, మా ఓటు ఏమైంది అనే అడిగారు.

ఇంకో రిప్లై:
అన్నా, ఆ అడిగిందే రాజ్యాంగం మాట. ఒక్కటి చూడండి, 84లో బలం చూపించుకోడానికి భాస్కరరావుకి ఇచ్చిన గడువు నెల, ఆ నెలలో ఎన్టీఆర్ వైపు ఎమ్మెల్యేలు చేజారకుండా కర్ణాటకలో క్యాంపు పెట్టుకోవాల్సొచ్చింది, గుండె ఆపరేషన్ అయిన ఎన్టీఆర్ వీల్‌చైర్‌లో వాళ్ళందర్నీ వెంటేసుకుని రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళాడు. బలం తేల్చాల్సింది అసెంబ్లీలోనే అని తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు గట్టిగా చెప్పింది 1994లో, బొమ్మై కేసులో. ఇప్పుడు 2018 కర్ణాటక చూడండి. గవర్నర్ యడియూరప్పని సీఎం చేసి బలం చూపించుకోడానికి 15 రోజులిచ్చాడు, ఈసారి అక్కడి ఎమ్మెల్యేలు బస్సులెక్కి మన హైదరాబాద్ వచ్చారు, కానీ మే 18న సుప్రీంకోర్టు రేపు సాయంత్రం 4 గంటలకి తేల్చెయ్యమంది. ఓటింగ్ దాకా రాకుండానే ఆయన రాజీనామా చేశాడు. నెల ఎక్కడ, ఒక్క రోజెక్కడ!

76 తీర్పు మచ్చే, నేను వెనకేసుకురాను. కాదన్న ఒక్క జడ్జి ఖన్నా గారు, ఆయన్ని పక్కనపెట్టి జూనియర్‌ని చీఫ్ జస్టిస్ చేశారు. కానీ 77లో జనం ఇందిరా గాంధీని ఓడించాక 44వ సవరణ వచ్చింది, ఎమర్జెన్సీ పెట్టినా ప్రాణానికీ స్వేచ్ఛకీ ఉన్న 21వ అధికరణాన్ని ఆపకూడదని అందులో రాసేశారు. జనం కోపం ఆ ఎలక్షన్‌తో చల్లారిపోయుండొచ్చు, రాసింది మాత్రం ఇప్పటికీ ఉంది.

పోస్ట్ పెట్టినవారు:
గడువు సంగతి ఒప్పుకుంటున్నా, అది నేను ఆలోచించలేదు. 76 మాత్రం ఒప్పుకోలేను. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు 2017లో కొట్టేసింది, అప్పటికి 41 ఏళ్ళు. ఆ రోజు లోపలున్న మనిషికి అది ఏ రకంగా అక్కరకొచ్చిందో మీరే చెప్పండి.