కమ్యూనిటీ కాలేజీ నుండి విశ్వవిద్యాలయానికి మారే క్రీడాకారులు: ఆడే అర్హత వేరు, ప్రవేశం వేరు

ప్రశ్న – శాక్రమెంటో దగ్గర నుండి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మా అబ్బాయి గత ఏడాది హైస్కూలు పూర్తి చేసి, ఇంటికి దగ్గరలో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ కాలేజీ) చేరాడు. అక్కడి టెన్నిస్ జట్టులో ఆడుతున్నాడు. రెండు సెమిస్టర్లు, ఒక వేసవి పూర్తయ్యేసరికి 34 యూనిట్లు (క్రెడిట్లు), 2.62 జీపీఏ (4కు లెక్కించే గ్రేడ్ల సగటు) వచ్చాయి. ఇప్పుడు మూడో సెమిస్టరు నడుస్తున్నది. మొన్న కాలిఫోర్నియాలోనే ఉన్న ఒక డివిజన్ 1 (కాలేజీ క్రీడలలో అన్నిటికన్నా పై స్థాయి) విశ్వవిద్యాలయపు కోచ్ ఫోన్ చేసి, వచ్చే ఏడాది తమ జట్టులోకి రమ్మన్నారు. బదిలీకి కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2.5 జీపీఏ అడుగుతుందనీ, మావాడు దానిని దాటాడు కాబట్టి ప్రవేశం గురించి దిగులు పడనవసరం లేదనీ ఆయన చెప్పారు. అయితే కాలేజీలోని కౌన్సెలర్ మాత్రం ట్రాన్స్‌క్రిప్టు చూసి, ఇది అంత తేలిక కాదని అన్నారట. ఎందుకు కాదో మావాడికి సరిగా అర్థం కాలేదు, నాకు అంతకన్నా అర్థం కాలేదు. ఇంట్లో మేము కంప్యూటర్ సైన్స్ అంటున్నాము, వాడు ఎకనామిక్స్ అంటున్నాడు. ఈ దారిలో పిల్లలను పంపినవారు గానీ, ఆ రంగంలో పనిచేసేవారు గానీ దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం – కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న సభ్యురాలు

నమస్కారమండీ. మీవాడి కౌన్సెలర్ చెప్పినది సరైన మాట, కోచ్ చెప్పినది సగం మాట. మైదానంలోకి దిగడానికి అర్హత ఉన్నదా లేదా అన్నది ఎన్‌సీఏఏ నియమాలను బట్టి తేలుతుంది. విశ్వవిద్యాలయంలో సీటు ఇవ్వాలా వద్దా అన్నది ఆ విశ్వవిద్యాలయపు అడ్మిషన్స్ కార్యాలయం తేలుస్తుంది. తెచ్చుకున్న యూనిట్లలో ఎన్ని డిగ్రీకి పనికివస్తాయన్నది డిపార్ట్‌మెంటు చూస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ కోచ్ చేతిలో లేదు. కోచ్ మాటకు విలువే లేదని నేను అనడం లేదు. చాలాచోట్ల వారు తమకు కావలసిన పేర్లను అడ్మిషన్స్ వారికి పంపుతారు. యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో) కనీస నిబంధనలకు అందని విద్యార్థులను, కొత్తగా చేరేవారిలో 6 శాతం వరకు, మినహాయింపు మీద చేర్చుకొనే వీలు కూడా ఉన్నది. కానీ ఆ మినహాయింపు క్రీడాకారులకే కేటాయించినది కాదు, దానిని నమ్ముకొని పిల్లవాడి ఏడాదిని పణంగా పెట్టకూడదు.

ముందుగా మీరు తెలుసుకోవలసినది, హైస్కూలు ముగిసేనాటికి మీవాడు ఎన్‌సీఏఏ లెక్కలో క్వాలిఫయర్ అయ్యాడా, లేదా అన్నది. హైస్కూలులో 16 కోర్ కోర్సులు, వాటిలో 2.3 జీపీఏ ఉన్నవారిని డివిజన్ 1లో క్వాలిఫయర్ అంటారు. శాట్, ఏసీటీ స్కోర్ల అవసరాన్ని 2023 జనవరిలో తీసివేశారు. క్వాలిఫయర్ అయిన విద్యార్థి కమ్యూనిటీ కాలేజీలో కనీసం ఒక పూర్తికాల సెమిస్టరు చదివి, సెమిస్టరుకు సగటున 12 బదిలీ అయ్యే యూనిట్లు, వాటిలో 2.5 జీపీఏ చూపిస్తే చాలు. క్వాలిఫయర్ కానివారి దారి చాలా పొడవు. వారు కనీసం మూడు సెమిస్టర్లు చదవాలి, అసోసియేట్ డిగ్రీ పూర్తి చేయాలి, 48 బదిలీ అయ్యే యూనిట్లు ఉండాలి, అందులో ఇంగ్లీషు 6, గణితం 3, సైన్సు 3 ఉండితీరాలి, దానికి తోడు 2.5 జీపీఏ. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆరన్ రాడ్జర్స్ 2002లో బ్యూట్ అనే కమ్యూనిటీ కాలేజీలో ఒక్క సీజన్ ఆడి, మరుసటి ఏడాదే బర్క్‌లీకి వెళ్ళగలగడానికి కారణం ఆయన హైస్కూలు మార్కులు సరిపోవడమే. ఆయనతో పాటు అదే కాలేజీలో ఆడుతూ ఆ మార్కులు లేనివారు రెండేళ్ళూ ఉండి డిగ్రీ తెచ్చుకోవలసిందే. మీవాడు హైస్కూలులో ఉండగా ఎన్‌సీఏఏ వారి ఎలిజిబిలిటీ సెంటర్‌లో పేరు నమోదు చేసుకోకపోతే, మార్కులు ఎంత బాగున్నా అతన్ని నాన్‌క్వాలిఫయర్‌గానే లెక్కిస్తారు. ఇప్పుడైనా నమోదు చేసి, హైస్కూలు ట్రాన్స్‌క్రిప్టు పంపించి, తుది నిర్ణయం తెప్పించుకోండి. ఈ పని ఈ వారంలోనే చేయండి.

ఇక ఆ 2.62 సంగతి. 34 యూనిట్లలో టెన్నిస్ జట్టు కోర్సు, వ్యాయామ శిక్షణ కోర్సు వంటివి ఎన్ని ఉన్నాయో దయచేసి చూసి చెప్పండి. నా అనుమానం అక్కడే ఉన్నది.

ప్రశ్న అడిగిన తండ్రి

ఎంతో ఓపికగా వివరించారు, ధన్యవాదాలు. ట్రాన్స్‌క్రిప్టు ముందు పెట్టుకొని చూశాను. జట్టు కోర్సూ, కండిషనింగ్ కోర్సూ కలిపి 6 యూనిట్లు ఉన్నాయి, అన్నిటిలోనూ ఏ గ్రేడ్. ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు చేయలేదు, ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. గణితం ఇంకా తీసుకోలేదు, చివరి సెమిస్టరులో గానీ ఆ తరువాత వేసవిలో గానీ తీసుకుందామని అనుకున్నాడట.

సమాధానం – కౌన్సెలర్ సభ్యురాలు

నేను భయపడినదే అయింది. ఒక కాగితం తీసుకొని నాతో పాటు లెక్క వేయండి. 34 యూనిట్లకు 2.62 అంటే మొత్తం 89 గ్రేడ్ పాయింట్లు. అందులో (ఏ గ్రేడ్ అయితే యూనిట్‌కు 4, బీ అయితే 3 చొప్పున) ఆ 6 యూనిట్ల ఆట కోర్సులవి 24 పాయింట్లు, మిగిలిన 28 యూనిట్ల చదువు కోర్సులవి 65. వ్యాయామ విద్యలోనే డిగ్రీ చేసేవారికి తప్ప, ఎన్‌సీఏఏ బదిలీ లెక్కలో ఇటువంటి ఆట కోర్సులను 2 యూనిట్లకు మించి తీసుకోరు. అప్పుడు మిగిలేది 30 యూనిట్లు, 73 పాయింట్లు, అంటే 2.43. కోచ్ దాటాడని చెప్పిన గీతకు మీవాడు ఇంకా ఇవతలే ఉన్నాడు. ఆయన అబద్ధం చెప్పారని నేను అనుకోను. పైన కనిపించే అంకెను చూసి చెప్పి ఉంటారు. ఇది సరిదిద్దుకోగలిగినదే కాబట్టి కంగారు పడకండి. ఈ సెమిస్టరులో 12 యూనిట్ల చదువు కోర్సులు తీసుకొని అన్నిటిలో బీ తెచ్చుకుంటే, 42 యూనిట్లకు 109 పాయింట్లవుతాయి, జీపీఏ 2.59 దాటుతుంది. ఒక్క సీ వచ్చినా అంచు మీద ఉంటాడు, కాబట్టి ట్యూటరింగ్ కేంద్రానికి ఇప్పటి నుండే వెళ్ళమనండి. అది ఉచితం, పైగా మా అనుభవంలో ఆటగాళ్ళే అక్కడికి అందరికన్నా తక్కువగా వస్తారు.

గణితాన్ని మాత్రం వేసవికి వదలవద్దు. యూసీలో బదిలీ ప్రవేశానికి 60 సెమిస్టరు యూనిట్లతో పాటు ఏడు కోర్సులు అడుగుతారు. ఇంగ్లీషు రచన రెండు, గణితం ఒకటి, మిగిలిన నాలుగు కళలు, సామాజిక శాస్త్రాలు, విజ్ఞాన శాస్త్రాలలో కనీసం రెండు విభాగాల నుండి. ప్రతిదానిలో కనీసం సీ ఉండాలి. శరత్కాలంలో చేరాలనుకొనేవారు వీటిని అంతకు ముందటి వసంత సెమిస్టరు ముగిసేలోగా పూర్తి చేయాలి. నా దగ్గరకు వచ్చిన ఒక వాలీబాల్ అమ్మాయి స్టాటిస్టిక్స్‌ను వేసవికి వాయిదా వేసుకున్నది. ఆడే అర్హతకు సంబంధించిన కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, కోచ్ యూనిఫాం కొలతలు కూడా తీసుకున్నారు. కానీ విశ్వవిద్యాలయం ఆ ఒక్క కోర్సు కోసం దరఖాస్తును తిరస్కరించింది. ఆ అమ్మాయి తల్లి నా ఎదుట కూర్చొని, మార్కులున్నా ఎందుకు రాలేదమ్మా అని అడిగినప్పుడు నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు. ఆ అమ్మాయికి ఆ నియమం ముందుగా చెప్పవలసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

యూసీలో కాలిఫోర్నియా నివాసులకు కనీస జీపీఏ 2.4. ఆ అంకెతో దరఖాస్తును చదువుతారు, అంతే. సీటు పోటీని బట్టి వస్తుంది, కంప్యూటర్ సైన్స్‌లో ఆ పోటీ మరీ ఎక్కువ. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ – ఈ ఆరు క్యాంపస్‌లలో ముందస్తు ప్రవేశ హామీ పథకం ట్యాగ్ ఉన్నది, కానీ దాని గడువు సెప్టెంబరు 30తోనే ముగుస్తుంది. పైగా కంప్యూటర్ సైన్స్ వంటి కొన్ని మేజర్లకు (డిగ్రీలో ప్రధాన విషయాలకు) కొన్ని క్యాంపస్‌లలో అది వర్తించదు. మామూలు దరఖాస్తులకు నవంబరు చివరి వరకు సమయం ఉన్నది. కాలిఫోర్నియాలోని మరో ప్రభుత్వ వ్యవస్థ అయిన కాల్ స్టేట్ విశ్వవిద్యాలయాలలో కనీస జీపీఏ 2.0. మౌఖిక సంభాషణ, లిఖిత ఇంగ్లీషు, విమర్శనాత్మక ఆలోచన, గణితం – ఈ నాలుగూ అక్కడ తప్పనిసరి. వాటిని కూడా జాబితాలో ఉంచుకోండి.

మేజర్ విషయంలో, తల్లిదండ్రులు నొచ్చుకోరనే నమ్మకంతో చెబుతున్నాను. డివిజన్ 1లో ఐదో సెమిస్టరులో అడుగుపెట్టే క్రీడాకారుడు తాను ఎంచుకున్న డిగ్రీలో 40 శాతం పూర్తి చేసి ఉండాలి. 120 యూనిట్ల డిగ్రీ అయితే 48 యూనిట్లు. అవి బదిలీ అయితే చాలదు, ఆ డిగ్రీలోనే పడాలి. ఎకనామిక్స్‌లో ఖాళీ ఎలక్టివ్‌లకు చోటు ఎక్కువ కాబట్టి, మీవాడు ఇప్పటివరకు చదివినవాటిలో చాలా భాగం పడుతుంది. కంప్యూటర్ సైన్స్‌లో కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్ వరుస ముందే చేసి రావాలని అడుగుతారు, గణితమే మొదలుపెట్టని పిల్లవాడు మేలోగా వాటిని పూర్తి చేయలేడు. ఆటలో కొనసాగాలని ఉన్నంతవరకు మీరు అనుకుంటున్న మేజర్ ఈ ఏడాదికి సాధ్యం కాదు. ఆటను వదిలి ఇంకో ఏడాది చదివితే సాధ్యమే. కానీ దానిని అతనే తేల్చుకోనివ్వండి. అర్హత లెక్క కోసమే ఇష్టం లేని మేజర్‌లో పిల్లలను పెట్టడం కూడా నేను చూశాను, అదీ తప్పే. అతను తానుగా ఎకనామిక్స్ అంటున్నాడు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు.

చివరగా కోచ్‌కు ఒక ఈమెయిల్ వ్రాయించండి. అడ్మిషన్స్ వారి చేత ట్రాన్స్‌క్రిప్టును ముందుగా చదివించి, ఎన్‌సీఏఏ నియమాలు చూసే కంప్లయన్స్ కార్యాలయం చేత బదిలీ అర్హతను ప్రాథమికంగా లెక్క వేయించి, ఆ రెండు జవాబులూ వ్రాతలో పంపమని మర్యాదగా అడగమనండి. ఈ నియమాలు ఏటా సవరిస్తుంటారు కాబట్టి నా లెక్క కన్నా వారి కాగితమే ప్రమాణం. ఫలానా విశ్వవిద్యాలయంలో ఆడతానని ముందే సంతకం చేసే వెనుకటి లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతి 2024 అక్టోబరులో రద్దయింది. ఇప్పుడు సంతకం చేసేది ఆర్థిక సహాయ ఒప్పందం మీద, అది కూడా ప్రవేశం వస్తేనే చెల్లుతుంది. పైగా కాలేజీ క్రీడాకారుల దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందం తరువాత, అందులో చేరిన విశ్వవిద్యాలయాలలో టెన్నిస్ జట్టుకు 10 మందే పరిమితి. నోటిమాటగా ఉంచిన చోటు వేసవికల్లా మరొకరికి వెళ్ళిపోవచ్చు.

ప్రశ్న – విజయవాడ నుండి ఒక తల్లి

ఈ చర్చ చదివాక అడగాలనిపించింది. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ ఇక్కడే పూర్తి చేసి, ఎఫ్-1 వీసా మీద టెక్సస్‌లోని ఒక జూనియర్ కాలేజీలో టెన్నిస్ స్కాలర్‌షిప్‌తో చదువుతున్నది. వచ్చే ఏడాది డివిజన్ 1కు వెళ్ళాలని కోరిక. ఎలిజిబిలిటీ సెంటర్ దరఖాస్తులో అమ్మాయి ఇంటర్ కాలేజీ పేరును పూర్వపు కాలేజీ అన్నచోట వ్రాసింది. ఇప్పుడు ఏవేవో వివరణలు అడుగుతున్నారు. తొమ్మిదో తరగతి మార్కులు కూడా కావాలంటున్నారు. ఎందుకో తెలియడం లేదు.

సమాధానం – టెక్సస్‌లో విదేశీ విద్యార్థుల కార్యాలయంలో పనిచేసిన సభ్యుడు

అమ్మా, నమస్కారం. చిక్కంతా ఒక్క మాట వల్ల వచ్చింది. మన దగ్గర జూనియర్ కాలేజీ అంటే పదకొండు, పన్నెండు తరగతులు. అమెరికాలో జూనియర్ కాలేజీ అంటే పన్నెండు తరువాత రెండేళ్ళు. ఇంటర్ కాలేజీని పూర్వపు కాలేజీగా చూపితే, మీ అమ్మాయి టెక్సస్‌కు రాకముందే రెండేళ్ళు కాలేజీ చదివిందని అర్థం వస్తుంది. డివిజన్ 1లో ఆడే కాలం మొదటి పూర్తికాల కాలేజీ చేరిక నుండి లెక్కించే ఐదేళ్ళ గడువులో ఉంటుంది కాబట్టి, ఆ పొరపాటు ఖరీదైనది. ఇంటర్మీడియట్ మార్కుల మెమో హైస్కూల్ పత్రాల కిందకు వస్తుందని వ్రాసి, ఆ గడిని సవరించమని ఎలిజిబిలిటీ సెంటర్‌ను కోరండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో రెండూ పంపండి.

తొమ్మిదో తరగతి అడగడానికి కారణం ఉన్నది. వారి లెక్కలో హైస్కూలు అంటే తొమ్మిది నుండి పన్నెండు వరకు. 16 కోర్ కోర్సులలో సాంఘిక శాస్త్రం రెండేళ్ళు ఉండాలి. ఎంపీసీ తీసుకున్న అమ్మాయికి ఇంటర్‌లో సాంఘిక శాస్త్రం లేదు, ఉన్నది తొమ్మిది, పది తరగతులలోనే. మన ఇళ్ళలో పదో తరగతి మెమోను ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాస్తాము, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మాత్రం పాత పుస్తకాలతో పాటు అమ్మేస్తాము. కార్డు దొరకకపోతే, చదివిన పాఠశాలకు వెళ్ళి రిజిస్టరు ఆధారంగా సబ్జెక్టులవారీ మార్కుల పత్రం ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్రతో తీసుకోండి. పాఠశాల మూతపడి ఉంటే మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో విచారించండి. పత్రం తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

టెక్సస్‌లో ఒక మంచి సౌకర్యం ఉన్నది. అక్కడి ప్రభుత్వ కాలేజీలన్నిటికీ 42 క్రెడిట్ల ఉమ్మడి కోర్ పాఠ్యక్రమం ఉన్నది. దానిని జూనియర్ కాలేజీలో మొత్తంగా పూర్తి చేస్తే, రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయమైనా దానిని అలాగే అంగీకరించాలి. రాష్ట్రం దాటి వెళ్తే ఆ హామీ ఉండదు. అందుకని అమ్మాయి ఏ రాష్ట్రంలో ఆడాలని చూస్తున్నదో ముందు తేల్చుకుంటే మేలు. డివిజన్ 1 కుదరకపోతే డివిజన్ 2లో బదిలీకి అడిగే జీపీఏ 2.2. వీసా వైపు, కొత్త విశ్వవిద్యాలయపు ప్రవేశపత్రం వచ్చాకే ఇప్పటి కాలేజీ ఆమె సెవిస్ రికార్డును (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) అక్కడికి పంపుతుంది, ఎఫ్-1 వీసాకు ఆధారమైన కొత్త ఐ-20 పత్రం అప్పుడు వస్తుంది. కాబట్టి కోచ్ ఎంత తొందరపెట్టినా ప్రవేశపత్రం చేతికి రాకముందు రికార్డు బదిలీ అడగవద్దని అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న అడిగిన తల్లి

పాఠశాల వారు రిజిస్టరు వెతికి పెట్టారండీ. సోమవారం వచ్చి సంతకం చేసిన పత్రం తీసుకోమన్నారు. దరఖాస్తులో ఆ గడి సవరించమని అమ్మాయి రాత్రే ఈమెయిల్ పంపింది.

ప్రశ్న అడిగిన తండ్రి

మావాడు ఈ రోజు ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు చేసుకున్నాడు. వసంత సెమిస్టరుకు స్టాటిస్టిక్స్ మొదటి వరుసలో పెట్టుకున్నాడు. కోచ్‌కు వ్రాసిన ఈమెయిల్ పంపే ముందు నాకు చూపించాడు, మీరు చెప్పిన రెండు జవాబులూ వ్రాతలో అడిగాడు. మేజర్ అన్నచోట ఎకనామిక్స్ అని వ్రాశాడు, నేను మార్చమనలేదు.