అమెరికాలో టీచరు లోను మాఫీ: కాన్పు సెలవు పెడితే ఐదేళ్ల లెక్క తెగిపోతుందా?

గోపాలపట్నం అక్క:
మా చెల్లి హ్యూస్టన్‌లో పేదపిల్లలు ఎక్కువున్న హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. మూడో ఏడు. గ్రీన్‌కార్డు వచ్చాక టీచరు సర్టిఫికెట్ కోసం అక్కడి ప్రభుత్వ లోను తీసుకుంది. అలాంటి బడిలో వరసగా ఐదేళ్లు చేస్తే 17,500 డాలర్ల దాకా మాఫీ అంది. ఇప్పుడు కడుపుతో ఉంది, ఫిబ్రవరి నెలాఖరుకి కాన్పు. సెలవు పెడితే మళ్లీ మొదటికొస్తుందా? "నొప్పులొచ్చేదాకా బడికెళ్తానక్కా" అంది రాత్రి ఫోన్లో. నాకు నిద్రపట్టలేదు.

ఇంకో సంగతి. అది ఎమ్మెస్‌కి వెళ్లినప్పుడు ఇక్కడి బ్యాంకులో తీసిన లోను 11 లక్షలు మిగిలుంది, మా ఇంటి కాగితాలు తాకట్టులో ఉన్నాయి. ఒక కన్సల్టెన్సీవాళ్లు "టీచరైతే లోన్లన్నీ మాఫీ" అన్నారట. ఆ మాట నమ్మి నాన్న రెండు నెలలుగా వాయిదా కట్టలేదు. నిన్న బీరువా తీస్తే రేషన్ కార్డు కింద పాలిథిన్ కవర్లో బ్యాంకు నోటీసు, నాలుగు మడతలు పెట్టి ఉంది.

డల్లాస్ (సొంతూరు గాజువాక):
అక్కా, నొప్పులదాకా ఆగొద్దని ముందు చెప్పండి. నేను స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ని. మధ్యలో ఇద్దరు పిల్లల్ని కని కూడా మాఫీ తెచ్చుకున్నాను. ఆ ఏడాదిలో కనీసం సగం పనిచేసి, ఎఫ్ఎంఎల్ఏ (కాన్పు, జబ్బు లాంటివాటికి సెలవిచ్చే అక్కడి చట్టం) కింద సెలవు తీసుకుని, జీతం పెంపుకీ పెన్షన్‌కీ ఆ ఏడాది పూర్తయినట్టే బడివాళ్లు లెక్కేస్తే మాఫీకీ పనికొస్తుంది. బడి ఆగస్టులో తెరుస్తారు, ఫిబ్రవరికి సగం దాటిపోతుంది. సెలవు 12 వారాలు, జీతం ఇవ్వాలని మాత్రం ఆ చట్టంలో లేదు. ఏడాది పూర్తయినట్టేనని ఇప్పుడే కాగితం మీద రాయించుకోమనండి. నేను నోటిమాటతో ఊరుకున్నాను. ప్రిన్సిపల్ మారిపోయారు, చివర్లో సంతకం కోసం నాలుగు నెలలు తిరిగాను.

బడి మారినా పరవాలేదు, కొత్తదీ పేదపిల్లల బడుల జాబితాలో ఉండాలి. 17,500 అనేది హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లకీ మాకూ. మిగతావాళ్లకి 5,000. పీఎస్ఎల్ఎఫ్ అని ప్రభుత్వ, సేవాసంస్థల ఉద్యోగులకిచ్చే మాఫీ ఇంకోటుంది, 120 వాయిదాలు కట్టాక మిగిలిందంతా పోతుంది. అవే ఐదేళ్లు రెండింటికీ లెక్కకు రావు. బాకీ ఎంత?

గోపాలపట్నం అక్క:
19 వేల డాలర్లు.

డల్లాస్:
అయితే ఐదేళ్లదే మేలు. దాదాపు తీరిపోతుంది.

సీతమ్మధార, బ్యాంకులో రిటైరయ్యాను:
అమ్మా, ఆ మాఫీ అమెరికా ఫెడరల్ లోనుకే. మన బ్యాంకు బాకీలో పైసా తగ్గదు. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండిబాకీ) అవుతుంది, ఈలోపే వెళ్లండి. నాన్నగారిని వెంట తీసుకెళ్లండి, కోప్పడకండి. కూతురికి భారం తగ్గుతుందనే కదా ఆయన నమ్మింది. బాకీ తీరాక 30 రోజుల్లో ఇంటి కాగితాలు తిరిగివ్వాలి. బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు కట్టాలి. 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఇది.

గోపాలపట్నం అక్క:
బాబాయిగారూ, పొద్దున్నే వెళ్లొచ్చాం. నా చీటీ డబ్బుతో రెండు వాయిదాలూ కట్టేశాం. దారిలో నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక రసీదు తనే బీరువాలో పెట్టుకున్నారు. చెల్లి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టింది. డల్లాస్ చెల్లెమ్మా, చివరికి నీకు సంతకం పెట్టిచ్చిన కాగితంలో ఏం రాశారో చూసి కాస్త చెబుతావా?